తరగతికో బ్లాగు: మన చిత్తూరు, తిరుపతి జిల్లాల టీచర్లు ఎలా మొదలుపెట్టాలి

చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో బ్లాగు మాట ఎత్తగానే ఎవరో ఒకరు "ఏ సైటులో చేయాలి సార్?" అని అడుగుతారు. దానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీ పిల్లలు రాసింది ఎవరు చదువుతారు? వారానికి ఎన్ని రాతలు పెట్టగలరు? ఇవి తేలకుండా తెరిచిన బ్లాగు జూన్‌లో హడావుడిగా మొదలై దసరా సెలవులకు మూలన పడుతుంది.

మనకు తెలిసిన టీచర్ల బ్లాగులు చాలావరకు జీవోలు, డీఏ లెక్కలు, మోడల్ పేపర్లతో నిండి ఉంటాయి. అవసరమైనవే, నేనూ చూస్తుంటాను. కానీ వాటిలో పిల్లలు చేసేదేమీ లేదు, డౌన్‌లోడ్ చేసుకోవడం తప్ప. ఇక్కడ చెబుతున్నది పిల్లలే రాసే బ్లాగు గురించి. తెలుగు టీచరు కానక్కర్లేదు. సైన్సు, సోషల్, లెక్కలు ఏ సబ్జెక్టైనా పనికొస్తుంది.

ముందు చదివేవాళ్లను చూసుకోండి

నోటుబుక్కులో రాసింది టీచరు ఒక్కరే చదువుతారు, అదీ ఎర్ర పెన్నుతో. ఇంకెవరో చదువుతారని తెలిస్తే పిల్లవాడు రాసే తీరే మారుతుంది. అందుకని ఆ ఇంకెవరో ఎవరన్నది ముందే ఖాయం చేసుకోండి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు సులువైన దారి, కానీ అందులో "వెరీ గుడ్" దాటి ఏమీ రాదు. నన్నడిగితే ఇంకో ఊరి స్కూల్లో అదే తరగతిని జత చేసుకోవడం మేలు. పలమనేరు వైపు పిల్లలకు పట్టుపురుగులు, అవి గూళ్లు కట్టే చంద్రికలు (తట్టలు) రోజూ కళ్లముందు కనబడేవే. సూళ్లూరుపేట వైపు పిల్లలకు చలికాలంలో పులికాట్‌కు వచ్చే రాజహంసలు, షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) నుంచి లేచే రాకెట్ మామూలే. ఒకళ్లకు మామూలైంది ఇంకొకళ్లకు వింత. అందుకే ప్రశ్నలు వస్తాయి, ప్రశ్నలొస్తే మళ్లీ రాయాలనిపిస్తుంది.

జత టీచరు కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. మీ డీఎస్సీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి, చాలు.

అనుమతులు

హెచ్ఎంకు నోటిమాటగా చెప్పి వదిలేయకండి, ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం తీసుకోండి. తరగతిలో ఫోను వాడకం గురించి కూడా అప్పుడే అడిగేయండి. ప్రభుత్వ టీచరైతే 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి మీకు వర్తిస్తుందని గుర్తుంచుకోండి. రాజకీయాలు, ప్రభుత్వం మీద విమర్శలు తరగతి బ్లాగులో వద్దు. బ్లాగులో ప్రకటనలు పెట్టి సంపాదించే వీలుంటుంది, దాని జోలికి అసలు పోవద్దు.

తల్లిదండ్రుల అనుమతి ఇంకా ముఖ్యం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పేరెంట్స్ మీటింగు రోజున ఇలాంటి కాగితం మీద సంతకం తీసుకోవచ్చు:

"మా అమ్మాయి/అబ్బాయి తరగతిలో రాసినవి, గీసిన బొమ్మలు తరగతి బ్లాగులో పెట్టడానికి ఒప్పుకుంటున్నాను. పూర్తి పేరు, ముఖం కనబడే ఫొటో, ఫోన్ నంబరు, ఇంటి వివరాలు పెట్టరని టీచరు చెప్పారు. నేను ఎప్పుడు వద్దన్నా తీసేస్తారు."

చదవడం రాని తల్లికి దీన్ని చదివి వినిపించి, తర్వాతే వేలిముద్ర వేయించుకోండి. ఒప్పుకోనివాళ్లను బలవంతం చేయొద్దు. వాళ్ల పిల్లలు బొమ్మలకు రంగులేస్తారు, తప్పులు దిద్దుతారు, క్లాసులో చదివి వినిపిస్తారు. పని అందరికీ ఉంటుంది.

పేర్ల బదులు కలం పేర్లు పెట్టుకోమనండి. ఈ ఒక్క పీరియడులో క్లాసంతా నవ్వులే. 'చింతచెట్టు', 'రాత్రి బస్సు', 'ఉప్పుమిరపకాయ' లాంటివి వస్తాయి. సినిమా హీరోల పేర్లు మాత్రం వద్దనండి, లేకపోతే ఒకే పేరుకు పదిమంది పోటీ పడతారు. ఎవరి కలం పేరు ఏదో మీ రిజిస్టరులో రాసుకోండి. ఫొటోల్లో చేతులు, వస్తువులు, పొలం, వంటగిన్నె ఉంటే సరిపోతుంది, ముఖాలు అక్కర్లేదు. యూనిఫాం బ్యాడ్జీ మీద స్కూలు పేరు కనబడుతోందేమో చూసుకోండి. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ సేవ్ చేసే ఆప్షన్ ఆపేయండి.

బ్లాగు తెరవడం

ఎడ్యుబ్లాగ్స్, వర్డ్‌ప్రెస్ లాంటివి ఉన్నాయి. మొదటిసారైతే గూగుల్ వాళ్ల బ్లాగర్ చాలు. 1999 నుంచి నడుస్తోంది, ఉచితం, జీమెయిల్ ఉంటే పనవుతుంది.

మీ సొంత జీమెయిల్‌తో మాత్రం తెరవకండి. తరగతి కోసం కొత్తది చేయండి. మీ ఫోన్ నంబరు రికవరీకి ఇవ్వండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవరులో పెట్టి హెచ్ఎం బీరువాలో దాచండి. పిల్లలకు పాస్‌వర్డ్ చెప్పొద్దు, ఎంత నమ్మకస్తుడైన లీడరైనా సరే. 13 ఏళ్లు నిండని పిల్లలు గూగుల్ అకౌంటు సొంతంగా తెరవకూడదు కాబట్టి వాళ్లతో ఐడీలు చేయించే ఆలోచనే పెట్టుకోకండి. పోస్టు చేసేది మీరొక్కరే.

బ్లాగర్‌లోకి వెళ్లి కొత్త బ్లాగు అని నొక్కితే మొదట పేరు అడుగుతుంది, అది తెలుగులో ఇవ్వొచ్చు. తర్వాత అడిగే చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇవ్వాలి. అందులో స్కూలు పూర్తి పేరు, ఊరు పెట్టకుండా పిల్లలకు నచ్చిన చిన్న మాట ఏదైనా పెట్టండి. థీమ్ (బ్లాగు పేజీ రూపం) కోసం గంటలు గడపొద్దు. తెల్ల నేపథ్యం, పెద్ద అక్షరాలు ఉన్నది ఏదైనా ఒకటి తీసుకుని, ఫోనులో ఎలా కనబడుతోందో ఒకసారి చూసుకోండి. తల్లిదండ్రులు చూసేది ఫోనులోనే.

ఇక సెట్టింగ్స్. ఇక్కడ తొందరపడితే తర్వాత తలనొప్పి. భాష తెలుగుకు మార్చండి. టైమ్ జోన్ మన దేశానికి మార్చండి, అది అమెరికా టైములో ఉండిపోతే సోమవారం పొద్దున పెట్టింది ఆదివారం తేదీతో కనబడుతుంది. సెర్చ్ ఇంజిన్లకు కనబడాలా అన్నచోట ఆఫ్ చేయండి. అది తాళం మాత్రం కాదు, లింకు చేతికొస్తే ఎవరైనా చదవగలరు. పూర్తిగా ప్రైవేటు చేసి, ఆహ్వానించినవాళ్లే చదివేలా పెట్టే ఆప్షనూ ఉంది. అలా పెడితే చదివే ప్రతి ఒక్కరూ గూగుల్‌లో లాగిన్ కావాలి, మన తల్లిదండ్రుల్లో సగంమంది అక్కడే ఆగిపోతారు. పేర్లు, ముఖాలు లేవు కాబట్టి మొదటి పద్ధతే నాకు నయమనిపిస్తుంది.

కామెంట్లకు మోడరేషన్ 'ఎల్లప్పుడూ' అని పెట్టండి. అప్పుడు మీరు చూసి ఒప్పుకున్నదే బయటికొస్తుంది. ఆ కాపలా ఉంటే పేరు లేకుండా కామెంటు పెట్టే వీలు అందరికీ ఇచ్చేయొచ్చు. లాగిన్ గోల లేకుండా ఒక తాత కూడా రెండు ముక్కలు రాయగలుగుతాడు.

ఈమెయిల్ సెట్టింగ్‌లో ఇంకో సదుపాయం ఉంది, చాలామంది గమనించరు. ఒక రహస్య చిరునామా తయారు చేసుకుంటే, దానికి పంపిన మెయిల్ నేరుగా బ్లాగులో డ్రాఫ్టుగా చేరుతుంది. ఇంటికెళ్లే బస్సులో ఫోను నుంచే రాత పంపేసి, సాయంత్రం తీరిగ్గా చూసి పబ్లిష్ చేయొచ్చు.

తెలుగు టైపింగ్

చాలామంది టీచర్లు ఆగిపోయేది ఇక్కడే. ప్రశ్నపత్రాలు డీటీపీ సెంటరులో కొట్టించే అలవాటు కదా, పిల్లల రాతలూ అక్కడే కొట్టించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటారు. ఆ ఫైలు అను ఫాంటులో ఉంటుంది. దాన్ని బ్లాగులో పేస్ట్ చేస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. బ్లాగుకు కావాల్సింది యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనబడే పద్ధతి. డీటీపీ అతన్నే యూనికోడ్‌లో ఇవ్వమని అడగొచ్చు. అంతకన్నా ఫోనులో జీబోర్డు (గూగుల్ కీబోర్డు) వేసుకుని మీరే కొట్టడం త్వరగా అవుతుంది.

జీబోర్డులో తెలుగు పెట్టుకుంటే మూడు రకాలుగా రాయొచ్చు: తెలుగు అక్షరాల కీబోర్డుతో, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకుంటూ, లేదా మైకు నొక్కి చెబుతూ. మైకు పద్ధతి తరగతికి బాగా కుదురుతుంది. ఒక అమ్మాయి తన రాతను నిదానంగా చదువుతుంది, ఇంకో అబ్బాయి తెర మీద పడుతున్నది చూస్తాడు. చుక్కలు, కామాలు రావు, ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, మన యాసలో మాట అంటే అది ఇంకేదో రాస్తుంది. వాటిని పట్టుకోవడమే పిల్లలకు మంచి భాషాభ్యాసం. నల్లబల్ల మీద శ, ష, స తేడా ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోని పిల్లవాడు, ఫోను తప్పు రాసిందంటే మాత్రం ఎగిరి పట్టుకుంటాడు.

నోటుబుక్కు పేజీని ఫొటో తీసి పెట్టేస్తే పోదా అని కొందరంటారు. పెట్టండి, చేతిరాత చూస్తే ఇంట్లోవాళ్లకు సంబరం. కింద టైపు చేసిన పాఠం కూడా ఉండాలి. చిన్న ఫోనులో చేతిరాత చదవడం కష్టం, చూపు లేనివాళ్ల ఫోను చేతిరాత ఫొటోను సరిగా చదివి వినిపించలేకపోవచ్చు.

మొదటి రాత రాయించడం

అసలు పని ఇదే. "పండగ గురించి రాయండి" అంటే గైడులో ఉన్న వ్యాసం వస్తుంది. "నీటి కాలుష్యం" అంటే ఇంటర్నెట్ నుంచో చాట్‌జీపీటీ నుంచో తెచ్చింది వస్తుంది. ఆ పిల్లకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి అడిగితే కాపీ కొట్టడానికి దారి ఉండదు.

చలికాలంలో మన ఇళ్లలో పితికిపప్పు చేస్తాం కదా. ఎనిమిదో తరగతి అమ్మాయి మొదట ఇలా రాసిందనుకోండి:

"మా ఇంట్లో పితికిపప్పు చేస్తారు. అది చాలా రుచిగా ఉంటుంది. ఆరోగ్యానికి మంచిది. అందరూ తినాలి."

తప్పేమీ లేదు, చదవడానికీ ఏమీ లేదు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు వేయండి. పితికేది ఎవరు? ఎక్కడ కూర్చుంటారు? గింజ ఎలా బయటికొస్తుంది? నువ్వు పితికితే ఏమైంది? మర్నాడు వచ్చేది ఇలా ఉండొచ్చు:

"రాత్రి అనపగింజలు నానేసి పెడతాం. పొద్దున అవ్వ, నేను అరుగు మీద కూర్చొని పితుకుతాం. గింజను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు చటుక్కున గిన్నెలో పడుతుంది. నేను నొక్కితే గిన్నెలో పడదు, అవ్వ ఒళ్లో పడుతుంది. తొక్కలు మేకకు వేస్తాం. ఆ రోజు సంగటి ఎక్కువ కెలకాలి అంటుంది అమ్మ."

దీన్ని సూళ్లూరుపేట పిల్లలు చదివితే కనీసం ముగ్గురు అడుగుతారు, అనపగింజలంటే ఏంటని. రాసిన పిల్ల మళ్లీ కాయ ఫొటో తీసుకొస్తుంది. బ్లాగు నడిచేది ఇలాగే.

దిద్దేటప్పుడు అక్షరదోషాలు సరిచేయండి, వాక్యాలు మాత్రం మీవి పెట్టకండి. చెనిక్కాయలు, ఎర్రగడ్డలు, ఊరిబిండి అని మన యాసలో రాస్తే అలాగే ఉండనివ్వండి. టీచరు నున్నగా చేసిన రాతను తల్లి ఇట్టే పసిగడుతుంది.

మిగతా సబ్జెక్టులవాళ్లకు మన జిల్లాల్లో సరుకుకు కొదవలేదు. శ్రీకాళహస్తి చుట్టుపక్కల స్కూలైతే కలంకారీ మొత్తం కెమిస్ట్రీ పాఠమే. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి నలుపు తయారుచేస్తారు. కలం ముంచి గీసినప్పుడు పలచగా కనబడే గీత, గుడ్డ మీద నల్లగా మారుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి చేసే పని అది. పిల్లలు కళాకారుల ఇంటికెళ్లి చూసి ఒక్కో దశ ఒక్కొక్కరు రాస్తే ఐదు టపాలవుతాయి (బ్లాగులో పెట్టే ఒక్కో రాత ఒక టపా). మార్కులకు ఇచ్చే ప్రాజెక్టు కూడా అయిపోతుంది, వేరే చార్టు కొనక్కర్లేదు.

సోషల్ టీచరుకు 2021 నవంబరు వానలు ఉన్నాయి. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట లీకవుతోందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ రాత్రి ఏం సర్దుకున్నారు, గొడ్లను ఏం చేశారు, ఎవరింట్లో తలదాచుకున్నారు అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయమనండి. ప్రశ్నలు ముందే క్లాసులో తయారుచేసుకుని పోవాలి, లేకపోతే "అప్పుడు చానా వాన పడింది" అన్న ఒక్క వాక్యంతో తిరిగొస్తారు. చనిపోయినవాళ్ల విషయం వస్తే, ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే పెట్టండి.

లెక్కల టీచరుకు బడి తెరిచే రోజుల్లోనే తోతాపురి కోతలు. టన్ను రేటు, కోత కూలి, ట్రాక్టరు బాడుగ ఇంట్లో అడిగి తెచ్చి, చివరికి చేతికి ఎంత మిగిలిందో లెక్క కట్టమనండి. ఇంటి ఆదాయం బ్లాగుకు ఎక్కకుండా అంకెలు కొంచెం మార్చి పెట్టండి. ఆ మాట టపాలోనే చెప్పండి.

కామెంట్లు రాయడం కూడా నేర్పాలి

వదిలేస్తే అందరూ "సూపర్", "బాగుంది" అనో, రెండు చప్పట్ల బొమ్మలో పెడతారు. ఒక చిన్న కట్టుబాటు పెట్టండి: కామెంటులో నాకు కొత్తగా తెలిసింది ఒకటి, నేను అడగాలనుకున్నది ఒకటి ఉండాలి. "గింజలు నానకపోతే తొక్క రాదా? మా ఊళ్లో బెండకాయ కూడా నానబెట్టరు" అని ఎవరో వెటకారంగా రాసినా పెట్టేయండి, అందులో ప్రశ్న ఉంది. ఎగతాళి మనిషి మీదికి, కులం మీదికి, రంగు మీదికి పోతే మాత్రం ఆపేయండి. దాని గురించి బ్లాగులో కాకుండా క్లాసులో మాట్లాడండి.

కామెంట్లు కాగితం మీద మొదలుపెట్టినా బాగుంటుంది. రాతను గోడకు అతికించి చుట్టూ చీటీలు అంటించమనండి. నెట్ లేని రోజున ఇదే బ్లాగు.

వారం నడక

వారానికి రెండు టపాలు చాలు. సోమవారం విషయం ఇవ్వడం, బుధవారం ప్రశ్నలు వేయడం, గురువారం టైపింగు, శుక్రవారం పబ్లిష్. శనివారం ప్రార్థనలో ఒక టపా చదివించండి, క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ తెర) ఉంటే తెర మీద చూపించండి. రోల్ నంబరు వరసలో వెళ్తే ఎవరి వంతు ఎప్పుడో పిల్లలకే తెలుస్తుంది. బాగా రాసే నలుగురివే పెడుతూ పోతే మిగతావాళ్లు బ్లాగు వైపే చూడరు. పరీక్షల నెలల్లో నెలకు ఒకటి పెట్టినా నష్టం లేదు. పదో తరగతితో మాత్రం మొదలుపెట్టకండి. డిసెంబరు దాటితే స్టడీ అవర్లు, స్లిప్ టెస్టుల టెన్షన్‌లో ఎవరికీ తీరికుండదు. ఏడు, ఎనిమిది తరగతులు సరైనవి.

ఇంకో టీచరుకు నేర్పించేటప్పుడు

మీది ఒక టర్మ్ నడిచాక పక్క స్కూలు మేడం వచ్చి నేర్పించమంటారు. పీపీటీ చూపించకండి. తన పిల్లల నోటుబుక్కు పేజీ ఒకటి, చార్జింగ్ ఉన్న ఫోను తెచ్చుకోమనండి. ఫోను ఆమె చేతిలోనే ఉండాలి, మీరు నోటితోనే చెప్పాలి. "ఇలా ఇవ్వండి మేడం, నేను చేసిపెడతా" అని లాక్కుంటే ఆ రోజు పనవుతుంది, మర్నాడు మళ్లీ మీకే ఫోను వస్తుంది. లేచి వెళ్లేలోపు ఆ ఒక్క పేజీ పబ్లిష్ అయ్యి, లింకు ఆమె వాట్సాప్‌కు చేరాలి. థీములు, రంగులు, లేబుళ్లు (టపాలను విడదీసి చూపడానికి తగిలించే పేర్లు) ఇంకోసారి చూసుకోవచ్చు. మొదటి కామెంటు మీరే రాయండి, ప్రశ్నతో సహా.

బదిలీ అయితే

బదిలీల జాబితాలో మీ పేరు రాకముందే చేయాల్సినవి కొన్ని. సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ దగ్గర ఇంకో టీచరును చేర్చి అడ్మిన్‌గా మార్చండి. ఏడాదికి రెండుసార్లు, అర్ధసంవత్సర పరీక్షల తర్వాతా వేసవి సెలవుల ముందూ, బ్యాకప్ నొక్కి ఫైలు దింపుకోండి. ఆ ఫైల్లో రాతలు, కామెంట్లు వస్తాయి. ఫొటోలు విడిగా ఒక ఫోల్డర్లో దాచాలి. కలం పేర్ల రిజిస్టరు బ్లాగుతోపాటు అప్పగించకండి, హెచ్ఎం దగ్గరే ఉంచండి. పాత టపాలన్నిటికీ ఆ విద్యాసంవత్సరం లేబుల్ పెట్టి వదిలితే, కొత్తగా వచ్చే టీచరు తన తరగతిని కొత్త లేబుల్ కింద మొదలుపెట్టుకోవచ్చు.